మంజూరైన నీడ

ఆషాఢమాసంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదని పెద్దలు చెప్పారు. వ్యానుకు గడప ఉంటుందా అన్న సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్ల కాలంలో వ్యాన్లు లేవు. శాస్త్రంలో మిగిలిపోయిన ఈ చిన్న సందును కనిపెట్టింది హిమజ. బీయస్సీ బోటనీ చదివింది, పెళ్లయి నెల దాటింది.

కనిపెట్టక తప్పని పరిస్థితి. జ్యేష్ఠం అయిపోవస్తోంది. అమావాస్య దాటితే తను పుట్టింట్లో ఉండాలి, భర్త వరప్రసాద్ ఇక్కడ ఉండాలి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడటం చూస్తేనే పొద్దున్నే ఆమెకు నవ్వొచ్చేది. ఆ గ్లాసులోంచి ఒక బ్రష్షు తీసి నెల్లాళ్లపాటు వేరే ఊరు పంపడమా?

ఆ సమయానికి వ్యాను తయారుగా ఉంది. మామగారు భాస్కరంగారు బేకరీ నడిపిన రోజుల్లో బ్రెడ్లు వేసిన బుల్లి వ్యాను అది. వ్యాపారం మానేశాక దొడ్లో పడి ఉంటే, హిమజా వరప్రసాదూ దాన్ని కడిగి, లోపల ఇద్దరికి సరిపడే మంచం, ఒక పొయ్యి, రెండు కిటికీ తెరలు అమర్చారు. వరప్రసాద్‌ది ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అక్కడే ఆఫీసైన ఉద్యోగం. ఎండెక్కితే వ్యానులో ఇప్పటికీ బన్నుల వాసన వస్తుంది. లోకంలో ఎంతమంది ఆడవాళ్లకు బన్ను వాసన వేసే పడకగది ఉంటుంది అని హిమజ మురిసిపోయేది.

ఒకరోజు పనసపొట్టు కొడుతున్న అత్తగారి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, వ్యానుకి గడప ఉంటుందా అండీ?"

మంగతాయారుగారి కత్తి ఆగింది. "వ్యానుకి గడపేవిటే? చక్రాలుంటాయి గానీ."

"మరి ఆషాఢంలో మేమిద్దరం వ్యానులో ఉంటే తప్పా?"

మంగతాయారుగారు నిక్కచ్చి మనిషి. తనకు నచ్చని తీర్పునైనా న్యాయంగానే చెబుతుంది. కాసేపు పనసకాయ వంక చూసి, "గడప లేని చోట శాస్త్రం లేదు. వెళ్లండి. కానీ నా గడప దాటేది అమావాస్య లోపలే దాటాలి. ఇంకోమాట. ఆ బండికి బోడిగడపైనా సరే, ఉన్నట్టు తెలిసిందో, ఏ సముద్రపొడ్డున ఉన్నా వచ్చి నిన్ను మీ అమ్మ దగ్గర దింపేస్తాను" అంది.

ప్రయాణం ఖాయమైంది. మరునాడు కాలవగట్టు మీద వ్యానాపి, నడిఎండలో లోపల కూర్చుని చూశారు. కాసేపటికే బన్నుల బాధేమిటో ఇద్దరికీ బోధపడింది.

"బావా, మనకి నీడ కావాలి" అంది హిమజ, పైటకొంగుతో విసురుకుంటూ. వరప్రసాద్ వరసకు బావే.

అలా చాందినీ కొనడానికి వెళ్లారు. షాపతను దాన్ని ఆనింగ్ అన్నాడు, హిమజ చాందినీ అంది, తర్వాత చూసిన అత్తగారు పందిరి అంది. అతను మూడు రకాలు చూపించాడు. మొదటిది వ్యాను నెత్తికి కట్టి రెండు కర్రల మీద నిలబెట్టే ఉత్త టార్పాలిన్. చవకే గానీ, చూడగానే బస్తాలు తడవకుండా కప్పాలనిపిస్తుంది. రెండోది నెమలి పింఛంలా వెనక్కీ పక్కకీ విచ్చుకునేది. అది విచ్చుకున్నాక కింద వ్యాను ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడోది వ్యాను పక్కన పొడుగాటి గొట్టంలో చుట్టుకుని పడుకుంటుంది. పిడి తిప్పితే సర్ర్‌మని బయటికొస్తుంది. తెలుపు మీద నీలిచారలు, అంచున చిన్న కుచ్చులు, నిలబెట్టడానికి రెండు సన్న కాళ్లు. సరిగ్గా రెండు కుర్చీలకు నీడ.

హిమజ పిడి తిప్పింది. సర్ర్. మళ్లీ చుట్టింది. మళ్లీ తిప్పింది.

"అమ్మా, తవరు కొనేలోపే అరిగిపోద్దండి" అన్నాడు షాపతను.

"ఇదే బావా. ఇది తెరుచుకుంటుంటే వ్యాను ఆవులిస్తున్నట్టు లేదూ?"

బిగించాక షాపతను మరో మాట చెప్పాడు. "బండికేది తగిలించినా మార్పుల ఆఫీసులో ఓ ముద్ర ఏయించుకోవాలండి. పావుగంట పని."

వాహన మార్పుల పరిశీలన కార్యాలయం ఊరి చివర పెద్ద మైదానంలో ఉంది. మైదానంలో ఒక్క చెట్టు లేదు. ఒకప్పుడు ఉండేవట. చెట్ల నీడ పడితే బండి రంగు ముదురుగా కనబడి నమోదులో తేడా వస్తోందని కొట్టించేశారు. జనం నెత్తిన తువ్వాళ్లూ, హెల్మెట్లూ, ఒకాయనైతే స్టీలు పళ్లెమూ పెట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు.

పరిశీలనాధికారి కోదండపాణిగారు బయటికొచ్చి వ్యాను చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"సదరు సాధనమును విప్పుడు" అన్నారు. నోటితో మాట్లాడినా ఆయన మాటలు టైపు చేసినట్టే ఉంటాయి.

హిమజ ఉత్సాహంగా పిడి తిప్పింది. సర్ర్. వరప్రసాద్ రెండు కాళ్లూ నేలకు ఆనించాడు. నీలిచారల నీడ మైదానం మీద పడింది. వరసలో ఉన్నవాళ్లందరి తలలూ అటు తిరిగాయి.

కోదండపాణిగారు వంగి, ఆ కాళ్ల చివరలు పరీక్షించారు. "నేలను తాకుచున్నవి."

"అవునండి, లేకపోతే పడిపోద్దండి" అన్నాడు వరప్రసాద్.

"వాహనము భూమిని చక్రముతో మాత్రమే తాకవలెను. కర్రతో తాకునది కట్టడము. మీరు ఎంపికకు ముందే మమ్ము సంప్రదించి ఉండవలసినది. మూరలోపు ఉంటే చూరు. మూర దాటితే పందిరి. పందిరికి శుభలేఖ జతపరచవలెను."

"మా పెళ్లి శుభలేఖ ఉందండి!" అంది హిమజ సంబరంగా.

"అయిపోయిన పెండ్లికి పందిరి చెల్లదమ్మా."

వరప్రసాద్ తల గోక్కున్నాడు. "పోనీ కాళ్లు తీసేసి, గాల్లోనే ఉంచితేనోనండి?"

"అప్పుడది బయటికి పొడుచుకొచ్చిన సరుకు. చివర ఎర్రగుడ్డ కట్టవలెను."

"చివర్లు నేను చేత్తో పట్టుకు నిలబడితేనో?"

"కర్రలతో గుడ్డ పట్టుకుని మనిషి నిలబడితే అది ఊరేగింపు. పోలీసు అనుమతి కావలెను." కోదండపాణిగారు వ్యాను లోపలికి తొంగిచూశారు. మంచం కనబడింది, పొయ్యి కనబడింది, అల్మారాలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనబడ్డాయి. ఆయన ముఖం గంభీరమైంది. "కట్టడములో కాపురము ఉన్నది. కనుక ఇది నివాసగృహము."

తన వ్యానును ఒక పెద్ద అధికారి ఇల్లు అన్నందుకు హిమజకు క్షణంపాటు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత భయమేసింది.

"అయితే చుట్టేసి వెళ్లిపోతామండి" అంది, పిడి మీద చెయ్యివేసి.

"ఆగుము! గృహమును అనుమతి లేనిదే మడవరాదు. అది కూల్చివేత కిందికి వచ్చును. కదల్చరాదు కూడా. కదిలే ఇల్లు అక్రమ నిర్మాణము. తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి."

మధ్యాహ్నం మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి వ్యాను తలుపు మీద ఇంటి నంబరు రాసిపోయాడు. చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. ఆ తర్వాత కోదండపాణిగారికి ఒక లోపం తట్టింది.

"గృహమునకు గడప లేదు. గడప లేనిచో లోపల ఏదో బయట ఏదో తేలదు. నోటీసు అతికించువాడు ఎంతవరకు వచ్చి ఆగవలెను?"

"అయ్యబాబోయ్, గడప మాత్రం వద్దండి! మీకు దణ్ణం పెడతాను" అంది హిమజ.

వద్దన్నకొద్దీ అధికారికి అనుమానం పెరిగింది. ఆఫీసు వడ్రంగి వచ్చి, వ్యాను జారుడు తలుపు కింద చెక్కపట్టీ ఒకటి మేకులతో దిగ్గొట్టాడు. ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు విశాలాక్షిగారు మంచి మనిషి. హిమజ ముఖం వాడిపోవడం చూసి, తన సొరుగులోంచి పసుపూ కుంకుమా తెచ్చి ఆ చెక్కకు శ్రద్ధగా పూసి బొట్లు పెట్టారు.

"కొత్త పెళ్లికూతురివి. బోడిగడప దాటకూడదమ్మా" అన్నారు ఆప్యాయంగా.

సరిగ్గా అప్పుడే, పిల్లలు అక్కడే ఆగిపోయారని తెలిసి, స్కూటరు మీద భాస్కరంగారు, వెనక క్యారేజీ ఒళ్లో పెట్టుకుని మంగతాయారుగారు వచ్చారు. ఆమె ముందు నీలిచారలు చూసింది. "పందిరి బానే ఉంది" అంది. తర్వాత తలుపు మీది నంబరు చూసింది. తర్వాత కిందికి చూసింది. క్యారేజీ భర్త చేతికిచ్చింది.

"ఇదేవిటి?"

వంగి ఆ చెక్క మీది పసుపు వేలితో తాకి చూసింది.

"పసుపు రాశారు, బొట్టు పెట్టారు. ఇది గడప కాకపోతే నేను మంగతాయారుని కాదు. బండి ఎవరి పేరున ఉందండీ?"

"నా పేరునే ఉందే" అన్నారు భాస్కరంగారు, ఆ జవాబుతో ఏం కాబోతోందో తెలియక.

"అయితే ఇది నా ఇల్లు. నా గడప. హిమా, నీ బట్టలు సర్దుకో. ఎల్లుండి అమావాస్య. మీ నాన్నకి ఫోను చేస్తాను."

"అత్తయ్యా, ఇది ఆఫీసోళ్లు కొట్టిన గడపండీ!"

"ఎవరు కొడితే ఏవిటే? సర్కారే గడపంటోంది, శాస్త్రమూ గడపంటోంది. ఇంక నేనెవర్ని కాదనడానికి?"

కోదండపాణిగారు ఆమెకు నమస్కరించారు. ఆయన ఉద్యోగజీవితంలో ఆయన ఉత్తర్వుతో ప్రజల్లో ఒకరు పూర్తిగా ఏకీభవించడం అదే మొదలు.

ఇల్లు కదలకూడదు గనక ఇంటివాళ్లూ అక్కడే ఉన్నారు. మరునాడు ఎండ ముదిరింది. ముందుగా పళ్లెం నెత్తిన పెట్టుకున్నాయన నెమ్మదిగా వరస తప్పి వచ్చి నీలిచారల కింద నిలబడ్డాడు. ఆయన వెనకవాళ్లు ఆయన వెనకే వచ్చారు, వరస చెడలేదు. రెండు కుర్చీల నీడలో అంతమంది ఎలా పట్టారో చూస్తుంటే హిమజకు ఆశ్చర్యంగా, కాస్త గర్వంగా కూడా ఉంది. ఎలాగూ ఏడవాల్సిందే గనక పని చేసుకుంటూ ఏడుద్దామని పొయ్యి వెలిగించి అందరికీ టీ పెట్టింది. అల్లం దంచి వేసింది. వాసన ఆఫీసు కిటికీలోంచి లోపలికి వెళ్లింది.

ముందు విశాలాక్షిగారు వచ్చారు. "లోపల ఫ్యాను వేడిగాలి కొడతందమ్మా, ఈ కాగితాలు ఇక్కడ చూసుకుంటాను" అన్నారు. ఆమె బల్ల వచ్చింది. బల్ల వెనక బీరువా వచ్చింది. చివరికి కోదండపాణిగారి తిరుగుడు కుర్చీ కూడా వచ్చి, కుచ్చుల అంచు సరిగ్గా ఆయన నెత్తి మీద ఊగేలా స్థిరపడింది. సాయంత్రానికి ఆఫీసు భవనంలో ముద్రల డబ్బా తప్ప ఇంకేమీ మిగల్లేదు. టీ రెండోసారి తాగుతూ దాన్నీ తెప్పించుకున్నారు.

వచ్చినవాళ్లలో మూడు చక్రాల బండి మీద ఒక కుంటాయన ఉన్నాడు. నీడలోకి సులువుగా దొర్లుకుంటూ వచ్చి, "ఆఫీసు ఇక్కడికి మార్చి మంచి పని చేశారండి. మెట్లు లేవు, గడపలు లేవు" అన్నాడు. ఆ మాట వినగానే హిమజ చేతిలోని టీ గరిటె ఆగింది. ఆఫీసు గోడ మీది పెద్ద బోర్డు వైపు చూసింది. "ప్రజలు వేచియుండు ప్రదేశములందు గడపలు, మెట్లు ఉండరాదు." అక్షరాలు గోడంతా ఉన్నాయి. నిన్నటినుంచీ ఎదురుగానే ఉన్నాయి.

కోదండపాణిగారి గ్లాసు నింపుతూ, వినయంగా అడిగింది.

"సార్, మీరిప్పుడు ఎక్కడ కూర్చున్నారండీ?"

"నీడలో."

"ఎవరి నీడండీ?"

"మీ గృహము..." ఆయన ఆగారు.

"అంటే సర్కారు ఆఫీసు ఒక ప్రైవేటు ఇంట్లో నడుస్తోందన్నమాట. పైగా ఆ ఇంటివాళ్ల కాగితాలు మీ దగ్గరే పెండింగులో ఉన్నాయి. వాళ్లిచ్చిన టీ మీ చేతిలో ఉంది. నాకు తెలీక అడుగుతున్నానండి, ఇలా కూర్చోడానికి ఏదైనా ఉత్తర్వు ఉందాండీ?"

కోదండపాణిగారు గ్లాసును బల్ల మీద పెట్టలేదు, పెదవి దగ్గరికి తీసుకెళ్లలేదు. విశాలాక్షిగారు ఏదో కాగితంలో తలదూర్చారు.

"ఇది గృహము కాదు" అన్నారాయన చివరికి.

"కాదా అండీ?"

"ఎన్నడూ కాదు. పరిశీలనలో పొరపాటు దొర్లినది. ప్రజలు దీని కింద వేచియున్నారు. కావున ఇది ప్రజా నిరీక్షణ మందిరము. మేము అందులో ప్రజల మధ్య కూర్చుని సేవ చేయుచున్నాము."

"ప్రజలు వేచి ఉండే చోట గడప..." అని హిమజ బోర్డు వైపు చూసింది.

"తక్షణమే తొలగించవలెను!" అన్నారు కోదండపాణిగారు, ఆ గడప ఎవరు కొట్టించారో తేల్చి చర్య తీసుకుంటామన్న స్వరంతో.

వడ్రంగి మళ్లీ వచ్చాడు. మంగతాయారుగారికి కబురెళితే ఆమె కూడా వచ్చింది. మేకులు ఊడదీయబోతుంటే చెయ్యెత్తి ఆపింది. "పసుపు రాసిన గడపని ఊరికే పీకుతారటయ్యా? అరిష్టం." నీళ్లు తెప్పించి తనే చెక్క కడిగింది, దణ్ణం పెట్టింది, అప్పుడు పీకనిచ్చింది. తర్వాత వంగి, తలుపు కింద మొత్తం వేలితో తడిమి చూసింది.

"లేదు" అంది. "గడప లేదు. రేపు పొద్దుపోయేలోపు బయల్దేరితే నాకు అభ్యంతరం లేదు."

అయితే మందిరానికి ప్రారంభోత్సవం కాకుండా ఏదీ కదలదు. అమావాస్య రోజు శుభకార్యమేమిటని మంగతాయారుగారు ముక్కున వేలేసుకుంది గానీ, పైఅధికారికి మరో రోజు ఖాళీ లేదు. ఆయన మధ్యాహ్నం వచ్చారు. చాందినీ రెండు కాళ్లకూ రిబ్బను కట్టారు. పక్కనే రెండు ఇనుపకడ్డీల మీద "ప్రజా నిరీక్షణ మందిరము. ఇచ్చట నీడ కలదు" అని బోర్డు పాతారు. పైఅధికారి రిబ్బను కత్తిరించి, "నీడ ప్రజల హక్కు. ఈ శాఖ చరిత్రలో ఇంత తక్కువ కాలంలో ఇంత నీడ ఎప్పుడూ పడలేదు" అని మాట్లాడి, హిమజ ఇచ్చిన టీ తాగి, కారెక్కి వెళ్లిపోయారు.

మన దేశంలో ప్రారంభోత్సవమైన కట్టడం వంక ఎవరూ రెండోసారి చూడరు. కోదండపాణిగారూ చూడలేదు. ఆయన చూపు దాని పక్కనున్న వ్యాను మీద పడింది.

"ఎవరిదీ వాహనము?"

"మాదేనండి" అన్నాడు వరప్రసాద్.

"ప్రభుత్వ మందిరమునకు ఆనించి ప్రైవేటు వాహనము నిలుపుటా? తక్షణము తొలగించుడు!"

హిమజ గొంతు చాలా మెత్తగా పెట్టింది. "మరి ఈ చాందినీ అండీ?"

"అది దేనికి బిగించి ఉన్నది?"

"వ్యానుకేనండి."

"వాహనమునకు సంబంధించిన సామగ్రి ఏదియు ప్రభుత్వ స్థలములో విడువరాదు. మొత్తము తీసుకుపొండు." అని, ఆ ఉత్తర్వు మీద ముద్ర కూడా వేసి చేతికిచ్చారు. షాపతను చెప్పిన ముద్ర అదే.

హిమజ పిడి తిప్పింది. నీలిచారలు చుట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాయి. వరసలో ఉన్నవాళ్ల మీద ఒక్కసారిగా ఎండ పడింది. వాళ్లు బోర్డు వంక చూశారు. తర్వాత బోర్డు కింద బుద్ధిగా సర్దుకుని నిలబడ్డారు. పళ్లెం ఆయన పళ్లెం మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. కోదండపాణిగారు అదే తిరుగుడు కుర్చీలో, అదే చోట, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. ఏ ఉత్తర్వూ లేకుండా లోపలికి వెళ్లడానికి ఆయనకు వీల్లేదు.

పొద్దు వాలేలోపు వ్యాను ఊరి పొలిమేర దాటింది. వరప్రసాద్ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో హిమజ చెయ్యి పట్టుకున్నాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా హిమజ నవ్వింది.

సముద్రపొడ్డున సరుగుడు తోట పక్కన ఆగారు. ఒకరోజు పొద్దున్నే చాందినీ విప్పి, కింద రెండు కుర్చీలు వేసుకున్నారు. సన్నగా తుంపర పడింది. గుడ్డ మీద చినుకుల చప్పుడు వింటూ హిమజ కళ్లు మూసుకుంది. గ్లాసులో రెండు బ్రష్షులూ ఉన్నాయి. ఆషాఢం వచ్చి వారమైంది, ఆమె అత్తవారి గడప దాటలేదు, పుట్టింటి గడపా దాటలేదు.

విశాలాక్షిగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "ఎలా ఉన్నావమ్మా? ఇక్కడ మందిరం బాగానే ఉందమ్మా. నిన్న తనిఖీకొచ్చారు. నీడ సంతృప్తికరంగా ఉందని రాసి వెళ్లారు. తలనొప్పికి రాసుకునే మందేదన్నా చెబుతావేంటీ?"

ఫోను పెట్టేసరికి సరుగుడు చెట్ల మధ్యనుంచి ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి భాస్కరంగారు, పెద్ద క్యారేజీ, దాని వెనక మంగతాయారుగారు దిగారు.

"అత్తయ్యా!" హిమజ లేచి నిలబడింది. "ఆషాఢం కదండీ!"

మంగతాయారుగారు తిన్నగా వ్యాను దగ్గరికి వెళ్లి, వంగి, తలుపు కింద వేలితో తడిమి చూసింది.

"గడప లేదు. గడప లేని చోట శాస్త్రం లేదని నేనే చెప్పాగా? మీ మామయ్య సముద్రం చూసి చాలా కాలమైందే."

హిమజ రెండు కుర్చీల వంకా చూసింది, నీలిచారల కింద ఉన్న కొంచెం నీడ వంకా చూసింది, వరప్రసాద్ వంకా చూసింది.

"అత్తయ్యా, ఇక్కడ నీడ ఇద్దరికే మంజూరైందండీ."

"తెలుసే. నేనూ మీ మామయ్యా సరిపోతాం" అని మంగతాయారుగారు ఒక కుర్చీలో కూర్చుని, భర్తకు రెండోది చూపించింది. "కొత్త జంట నీడలో కూర్చునేదేవిటి? పొండి, ఆ తుంపర్లో తిరిగిరండి. అన్నం వేళకి నేనే పిలుస్తాను."